తాతగారి మిలట్రీ ఫోటో చూసి హోదా, యూనిట్ తెలుసుకోవడం: గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ తెలుగువారికి తరచుగా వచ్చే ప్రశ్నలు

బరంపురం నుంచి జయపురం దాకా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో పాత ట్రంకు పెట్టె తెరిస్తే, ఖాకీ బట్టల్లో బిగుసుకుని నిలబడ్డ మనిషి ఫోటో ఒకటి తరచూ బయటపడుతుంది. మిలట్రీలో చేశారని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ హోదా, ఏ యూనిట్ అంటే ఎవరూ చెప్పలేరు. అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

ఫోటోలోంచి హోదా చాలాసార్లు దొరుకుతుంది. యూనిట్ మాత్రం ఎక్కువగా పతకం అంచు మీదో, డిశ్చార్జి పుస్తకంలోనో దొరుకుతుంది. ఫోటో పని ఆ వెతుకులాటకు దారి చూపడం.

## మొదలుపెట్టే ముందు

ఫోటో ఫ్రేములో అద్దానికి అంటుకుపోయింది. ఊడదీయొచ్చా?

వద్దు. తీరం వెంబడి చెమ్మకి ఫోటో పైపొర మెత్తబడి అద్దానికి పట్టుకుంటుంది. లాగితే మొహమో భుజమో అద్దంతోనే వచ్చేస్తుంది. తడి గుడ్డ పెట్టినా, ఆవిరి పట్టినా నష్టం ఇంకా ఎక్కువ. అద్దంతో సహా ఫోటో తీయండి. వెలుగు ఎదురుగా పడకుండా రెండు పక్కల నుంచి ఏటవాలుగా పడేలా చూసుకోండి, ఫ్లాష్ ఆపేయండి. అంటుకోకపోతే మాత్రం వెనక మేకులు తీసి ఫోటో వెనకవైపు తప్పకుండా చూడండి. స్టూడియో ముద్ర, తేదీ, పెన్సిలుతో రాసిన నంబరు అక్కడే ఉంటాయి. దేవుడి గదిలో వేలాడిన ఫోటోలకు ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ, గంధం బొట్లు సరిగ్గా టోపీ బిళ్ళ మీదికి జారి ఉంటాయి. బొట్టు అద్దం మీదుంటే తుడవండి, కాగితం మీదుంటే ముట్టుకోకండి.

ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపితే చాలదా?

మొహం పోల్చుకోవడానికి చాలు, బిళ్ళ పోల్చుకోవడానికి చాలదు. వాట్సాప్ బొమ్మని కుదించేస్తుంది, భుజం మీది ఇత్తడి అక్షరాలు మచ్చగా మారిపోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి. స్కానరుంటే పోస్టుకార్డు సైజు ఫోటోకి 600 డీపీఐ, పాస్‌పోర్టు సైజుకి 1200 డీపీఐ పెట్టించండి. ఫోటో నలుపు తెలుపైనా స్కాన్ కలర్‌లోనే చేయించండి, అప్పుడే మరక ఏదో, గీత ఏదో తేడా తెలుస్తుంది. ఆటో కరెక్షన్ ఆపించి, టిఫ్ ఫైలుగా దాచమనండి. ఆ తర్వాత టోపీ, కాలరు, రెండు భుజాలు, రెండు చేతులు, ఛాతీ, బెల్టు బకిలు, మోకాలి కింది భాగం ఒక్కొక్కటి విడిగా కత్తిరించుకుని పెద్దవి చేసి చూడండి.

ఏఐ యాప్‌లో పెట్టి క్లియర్ చేయించి, రంగులు కూడా వేయించాం. అది చూసి చెప్పొచ్చా?

చెప్పకూడదు. ఆ యాప్‌లు లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. మసకగా ఉన్న బిళ్ళ మీద కొత్త బొమ్మ పుట్టిస్తాయి, రెండు గీతల్ని మూడు చేస్తాయి, పచ్చ రిబ్బన్‌ని ఎర్రగా చూపిస్తాయి. గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది, ఆధారంగా మాత్రం పనికిరాదు. పాత స్టూడియోల్లో కుంచెతో రంగులేసిన ఫోటోలకీ ఇదే జాగ్రత్త కావాలి. చనిపోయినాయన ఫోటో పెద్దది చేయించేటప్పుడు పెయింటరు తన ఊహతో గీతలు, పతకాలు దిద్దేవాడు. అసలు చిన్న ఫోటో ఏ మేనత్త ఇంట్లోనైనా ఉందేమో అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ళని ఏమని అడిగితే పనికొచ్చే సమాధానం వస్తుంది?

"తాత ఏ ర్యాంకు?" అని అడిగితే "పెద్ద ఆఫీసరు" అంటారు. దాంతో పని జరగదు. ఊళ్ళ పేర్లు అడగండి. ట్రైనింగ్ ఎక్కడ? ఉత్తరం ఎక్కడి నుంచి వచ్చేది? నాయనమ్మకి పెన్షన్ కాగితం ఎక్కడి నుంచి వచ్చేది? బెంగళూరు అంటే మద్రాస్ సాపర్లు (వంతెనలు, దారులు కట్టే సైనిక ఇంజనీర్లు) ముందు గుర్తుకు రావాలి. నీలగిరి, వెల్లింగ్టన్ అంటే మద్రాస్ రెజిమెంట్. జబల్‌పూర్ అంటే సిగ్నల్స్ (సందేశాలు పంపే శాఖ). నాసిక్ రోడ్ అంటే ఆర్టిలరీ (ఫిరంగి దళం). సికింద్రాబాద్ అంటే ఈఎంఈ (వాహనాలు, ఆయుధాలు బాగుచేసే మెకానికల్ శాఖ), ఆర్డినెన్స్ (ఆయుధాలు, సామగ్రి అందించే శాఖ). బస్రా, బాగ్దాద్ మాట వినిపిస్తే మొదటి ప్రపంచ యుద్ధమో రెండో ప్రపంచ యుద్ధమో తేల్చుకోవాలి, రెండింటిలోనూ మనవాళ్ళు అక్కడికి వెళ్ళారు. ఇంఫాల్, అరకాన్ (బర్మా పడమటి తీరం), కొహిమా అంటే రెండో యుద్ధమే.

## ఫోటో ఏ కాలానిది?

తేదీ లేదు. ఎప్పటిదో ఎలా పోల్చాలి?

ముందు కాగితం చూడండి. మందపాటి అట్టకి అంటించి, కింద స్టూడియో పేరు బంగారు అక్షరాల్లో ఉంటే ఎక్కువగా 1910ల లోపుది. వెనక పోస్టుకార్డులా గీతలుంటే 1900ల మొదటి నుంచి 1940ల మధ్యది. అంచులు అలలుగా కత్తిరించి ఉంటే 1940లు, 50లు. ప్లాస్టిక్‌లా జారే కాగితమైతే 1970ల తర్వాత తీసిన నకలు, అసలుది ఇంకెక్కడో ఉంటుంది.

తర్వాత బట్టలు చూడండి. మోకాళ్ళ దాకా పొడుగు ఖాకీ కుర్తా, పాగా, కాళ్ళకి పట్టీలు ఉంటే మొదటి యుద్ధ కాలం. చొక్కా, నిక్కరు, వెబ్బింగ్ (మందపాటి నేత గుడ్డ) బెల్టు ఉంటే 1930ల చివర, 40లు. ఒక పక్క మడిచిన వెడల్పాటి టోపీ, కాస్త ముదురుగా కనిపించే బట్టలు ఉంటే 1943 తర్వాతి బర్మా రంగం అనుకోవచ్చు. బెరే టోపీలో (అంచు లేని మెత్తని గుడ్డ టోపీ) ఉన్న మామూలు పదాతి సిపాయి అయితే స్వాతంత్ర్యం తర్వాతే అనుకోండి.

టోపీ బిళ్ళ మీద కిరీటం ఉంది. దాన్నిబట్టి ఏమైనా తెలుస్తుందా?

చాలా తెలుస్తుంది. 1950 జనవరి 26 నుంచి కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి. కిరీటం ఉందంటే అంతకు ముందుదే. కిరీటం పైభాగం మధ్యలో కిందికి వంగి రెండు మూపుల్లా ఉంటే విక్టోరియా కాలం, 1901 లోపు. గుండ్రంగా పైకి ఉబ్బి ఉంటే 1901 తర్వాతది. గుండీల మీద, బకిలు మీద అక్షరాలు కనిపిస్తే వీఆర్‌ఐ విక్టోరియా, ఈఆర్‌ఐ ఎడ్వర్డ్, జీఆర్‌ఐ జార్జి. ఒక్క జాగ్రత్త: కొత్త బిళ్ళలు అందేదాకా కొన్నాళ్ళు పాతవే పెట్టుకున్నారు కాబట్టి 1950, 51 ఫోటోల్లో కిరీటం కనిపించినా ఆశ్చర్యపోకండి.

మా ఊరు రాయగడ దగ్గర. రికార్డులో మాత్రం విశాఖపట్నం జిల్లా అని ఉంది. మనిషి వేరేమో?

మనిషి ఆయనే కావచ్చు. ఒడిశా రాష్ట్రం 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకు ముందు గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. కొరాపుట్, జయపురం, రాయగడ, గుణుపురం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేవి. పర్లాకిమిడి గంజాంలో ఉండేది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి కూడా అప్పటి గంజామే. శ్రీకాకుళం జిల్లా 1950లో, గజపతి, రాయగడ జిల్లాలు 1992లో వచ్చాయి. అందుకని ఒకే ఊరివాడు 1917లో చేరితే మద్రాసు ప్రెసిడెన్సీ అనీ, 1942లో చేరితే ఒరిస్సా అనీ రాసి ఉంటుంది. వెతికేటప్పుడు పాత ఇంగ్లీషు స్పెల్లింగులతోనే వెతకాలి. విశాఖపట్నం "విజగపటం"గా, శ్రీకాకుళం "చికకోల్"గా, జయపురం "జైపోర్"గా ఉంటాయి. బరంపురంతో ఇంకో చిక్కు: బెంగాల్లో కూడా అదే పేరుతో ఊరుంది, కాబట్టి గంజాం అన్న మాట పక్కన ఉందో లేదో చూడండి.

నలుపు తెలుపు ఫోటోలో నల్లగా ఉన్నది నలుపేనా?

కాకపోవచ్చు. పాతకాలపు ప్లేట్లకి ఎరుపు పట్టదు, నీలం మరీ ఎక్కువగా పడుతుంది. అందుకని ఎర్ర పట్టీ నల్లగా, నీలం గుడ్డ దాదాపు తెల్లగా వస్తుంది. 1930లకి ముందు ఫోటోల్లో ఇది చాలా మామూలు. పతకాల రిబ్బన్లు పోల్చేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రంగు ఊహించకుండా చారల సంఖ్య, వెడల్పు లెక్కపెట్టండి.

పతకాలు కుడివైపున ఉన్నాయి. తప్పుగా పెట్టుకున్నారా?

ముందు నెగటివ్ తిరగేసి ప్రింటు చేశారేమో చూడండి. మగవాళ్ళ చొక్కా గుండీలు కుడివైపు ఉంటాయి, కాజాలున్న ఎడమ పట్టీ పైకి వస్తుంది. అది కూడా తారుమారుగా ఉంటే ఫోటోనే తిరగబడింది. బిళ్ళ మీది అక్షరాలు అద్దంలో చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. గుండీలు సరిగ్గానే ఉండి పతకాలు మాత్రం కుడివైపున ఉంటే, తండ్రివో అన్నవో పతకాలు పెట్టుకున్న కొడుకు ఫోటో కావచ్చు. వారసులు కుడి ఛాతీ మీద పెట్టుకునే పద్ధతి ఉంది.

## హోదా

చేతి మీద మూడు గీతలున్నాయి. కెప్టెన్ అనుకోవచ్చా?

కాదు, హవల్దారు. మోచేతికి పైన, కొన కిందికి చూపే గీతలు ఒకటైతే లాన్స్ నాయక్, రెండైతే నాయక్, మూడైతే హవల్దారు. కెప్టెన్‌కి గీతలుండవు, భుజం మీద మూడు నక్షత్రాలుంటాయి. హవల్దారు అంటే చిన్నతనంగా అనుకునే ఇళ్ళున్నాయి. అలా అనుకోనక్కర్లేదు. సిపాయిగా చేరిన కుర్రాడు హవల్దారు కావడానికి ఏళ్ళు పట్టేది, చదవడం రాయడం నేర్చుకోవాలి, మనుషుల్ని నడపాలి. ఒక్కటి చూసుకోండి: ఫోటోలో ఒక చేయే కనిపిస్తూ, గీతలు మడతలో పడితే రెండే కనిపిస్తాయి. ముడత కింద మూడోది ఉందేమో పెద్దది చేసి చూడాలి.

గీతలు మణికట్టు దగ్గర, కొన పైకి ఉన్నాయి. ఇదేం హోదా?

హోదా కాదు. ముంజేతి మీది గీతలు సర్వీసు, సత్ప్రవర్తన, విదేశీ సేవ లాంటివాటికి ఇచ్చేవి. సాధారణంగా ఎడమ ముంజేతి మీద ఉండేవి సత్ప్రవర్తనవి, కుడి ముంజేతి మీది చిన్నవి యుద్ధ సేవవి. ఎడమ ముంజేతి మీద నిలువుగా సన్నటి గీత ఉంటే గాయపడ్డ గుర్తు. అది కనిపిస్తే ఆస్పత్రి రికార్డు కూడా వెతకాల్సిన మనిషి అన్నమాట.

భుజం మీద రెండు నక్షత్రాలు. లెఫ్టినెంటా, సుబేదారా?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. సుబేదారు, జమేదారు అంటే సిపాయిలకీ ఆఫీసర్లకీ మధ్య ఉండే హోదాలు. రెండు నక్షత్రాలు లెఫ్టినెంటుకీ సుబేదారుకీ ఇద్దరికీ ఉంటాయి. ఒక నక్షత్రం సెకండ్ లెఫ్టినెంటుకీ ఉంటుంది, జమేదారుకీ ఉంటుంది.

తేడా పట్టీలో ఉంది. మొదటి యుద్ధం తర్వాత సుబేదారు, జమేదారుల నక్షత్రాల కింద ఎరుపు, పసుపు, ఎరుపు రంగుల చిన్న రిబ్బన్ వచ్చింది. నలుపు తెలుపు ఫోటోలో అది మధ్యలో చార ఉన్న చిన్న అడ్డపట్టీలా కనిపిస్తుంది. రెండో యుద్ధం తర్వాత ఆ పట్టీ నక్షత్రాల కింద నుంచి, భుజం చివర ఉండే రెజిమెంటు పేరుకీ నక్షత్రాలకీ మధ్యకి మారింది. పట్టీ స్పష్టంగా ఉంటే సుబేదారు వర్గమే.

పట్టీ కనిపించకపోతే వయసు, కాలం చూడండి. నలభై దాటిన మనిషికి రెండు నక్షత్రాలు, ఛాతీ నిండా రిబ్బన్లు ఉంటే సుబేదారు అయ్యే అవకాశమే ఎక్కువ. లెఫ్టినెంట్లు ఇరవైల్లో కుర్రాళ్ళు. ఇక మొదటి యుద్ధ కాలంలో మన ప్రాంతపు తెలుగాయన లెఫ్టినెంటు అయ్యారంటే దాదాపు ఒకే దారి ఉంది: డాక్టరుగా ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరడం. అందులోనూ సబ్ అసిస్టెంట్ సర్జన్లకి జమేదారు, సుబేదారు హోదాలే ఉండేవి. రెండో యుద్ధంలో మాత్రం చదువుకున్న భారతీయులకి ఎమర్జెన్సీ కమిషన్లు (యుద్ధకాలపు తాత్కాలిక ఆఫీసరు ఉద్యోగాలు) ఇచ్చారు కాబట్టి 1940లలో నిజంగానే లెఫ్టినెంటు కావచ్చు.

1965లో జమేదారు పేరు నాయబ్ సుబేదారుగా మారింది. కాగితంలో ఏ పేరుందో చూస్తే కాలం కూడా తెలుస్తుంది.

ఇంట్లో అందరూ "మేజర్ గారు" అంటారు. ఫోటోలో ఆ గుర్తే లేదు.

ఊళ్ళో పిలుపుకి మూలం సుబేదార్ మేజరో, హవల్దార్ మేజరో అయి ఉంటుంది. ఊరివాళ్ళు మొదటి మాట వదిలేసి రెండోది పట్టుకుంటారు. నిజంగా మేజర్ అయితే భుజం మీద నక్షత్రాలు లేకుండా ఒక్క కిరీటమో, 1950 తర్వాత అయితే ఒక్క సింహాల గుర్తో ఉంటుంది. 1950 తర్వాతి ఫోటోలో సింహాల గుర్తుతో పాటు రంగుల పట్టీ కూడా ఉంటే సుబేదార్ మేజర్. బెటాలియన్ మొత్తానికి ఒక్కరే ఉండే హోదా అది.

ఏ గుర్తూ లేదు. అంటే ఏమీ కాదా?

గుర్తు లేకపోతే సిపాయి, లేదా అతని శాఖలో దానికి సమానమైనవాడు: సాపర్, గన్నర్, సిగ్నల్‌మన్, డ్రైవర్, పయనీర్ (దారులు వేసే, తవ్వకం పనులు చేసే సైనికుడు). వంట, నీళ్ళు, ఆస్పత్రి, బట్టల పనులు చేసినవాళ్ళూ యూనిఫాం వేసుకునేవారు, యుద్ధరంగానికి వెళ్ళేవారు, పతకాలు పొందేవారు. వాళ్ళ రికార్డులు కూడా ఉంటాయి. ఫోటో చేరిన కొత్తలో తీయించుకున్నది అయ్యుండొచ్చు, హోదా తర్వాత పెరిగి ఉండొచ్చు. సెలవు మీద ఊరొచ్చినప్పుడు తీయించుకున్న రెండో ఫోటో ఎక్కడైనా ఉందేమో వెతకండి.

చేతిలో కత్తి, చంకలో బెత్తం ఉంది కదా, ఆఫీసరే కదా?

కత్తి, కుర్చీ, పూలకుండీ, వెనక తెర చాలాసార్లు స్టూడియోవే. బెత్తం మామూలు సిపాయిలు కూడా పట్టుకునేవారు. భుజం మీదుగా ఏటవాలు పట్టీతో ఉన్న తోలు బెల్టుకి కాస్త విలువ ఇవ్వొచ్చు, అది ఆఫీసర్లు, సుబేదారు వర్గం వేసుకునేది. అయినా భుజం గుర్తు లేకుండా దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి.

## యూనిట్

యూనిట్ కోసం ఫోటోలో మొదట ఎక్కడ చూడాలి?

భుజం చివర. చొక్కా భుజపట్టీ అడుగున ఒంపు తిరిగిన ఇత్తడి అక్షరాలుంటాయి, వాటికన్నా గట్టి ఆధారం ఫోటోలో లేదు. టోపీ బిళ్ళ, కాలరు బిళ్ళలు, బకిలు, చేతి మీది గుడ్డ గుర్తు ఆ తర్వాతే. అక్షరాలు పూర్తిగా చదవలేకపోతే ఎన్ని అక్షరాలున్నాయో, ఒకే వరుసా రెండు వరుసలా అన్నది లెక్కపెట్టండి. "ఆర్‌ఐఏఎస్‌సీ" అంటే సరఫరా, రవాణా శాఖ; దానికి రాయల్ అన్న మాట 1935లో వచ్చింది. "ఐఏఓసీ" ఆర్డినెన్స్, "ఐఈఎంఈ" 1943లో పుట్టిన మెకానికల్ శాఖ, "ఐపీసీ" పయనీర్ కోర్. రెండో యుద్ధంలో మద్రాసు వైపు నుంచి చేరినవాళ్ళు ఇలాంటి శాఖల్లో ఎంతోమంది ఉన్నారు. మీ తాతగారు పదాతిదళంలోనే ఉండి ఉంటారని ముందే అనుకుని మొదలుపెట్టకండి.

భుజం మీద 73, 86 లాంటి నంబరుంది. అదేమిటి?

1903లో భారత సైన్యంలోని పటాలాలన్నిటికీ ఒకే వరుసలో కొత్త నంబర్లు ఇచ్చారు. పాత మద్రాసు పటాలాలకు వాటి పాత నంబరుకి 60 కలిపారు. అలా 61, 64, 81 పయనీర్లు. 73, 75, 79, 80, 86, 88 కర్నాటిక్ ఇన్‌ఫాంట్రీ. 83 వాలాజాబాద్ లైట్ ఇన్‌ఫాంట్రీ అయ్యాయి. 62, 66, 74 లాంటి కొన్ని నంబర్లు మద్రాసు వరుసలోవే అయినా పంజాబీ పటాలాలుగా మారాయి, వాటిలో మనవాళ్ళు ఉండే అవకాశం తక్కువ. ఈ నంబర్లు 1922 దాకా సాగాయి. ఆ ఏడు 73, 75, 79, 83, 86 కలిసి 3వ మద్రాస్ రెజిమెంట్ అయ్యాయి.

ఇక్కడ తేదీకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ రెజిమెంటు రెగ్యులర్ బెటాలియన్లను 1920ల చివరికల్లా, మద్రాస్ పయనీర్లను 1933లో రద్దు చేశారు. మద్రాస్ రెజిమెంటు మళ్ళీ నిలబడింది 1940ల మొదట్లో. కాబట్టి ఫోటో 1935 నాటిదని తేలితే, అందులోని తెలుగు సైనికుడు మద్రాస్ సాపర్స్‌లోనో, టెరిటోరియల్ (పూర్తికాలం కాని స్థానిక) బెటాలియన్లోనో, సరఫరా శాఖల్లోనో ఉండే అవకాశం ఎక్కువ.

తలపాగా కాదు, టోపీ కాదు, విచిత్రంగా ఉంది. ఏమిటది?

ఎత్తుగా, గుండ్రంగా, పైభాగం చదునుగా, అంచు లేకుండా ఉంటే అది "దూప్టా". మద్రాస్ సాపర్లకు అది ప్రత్యేకం. బెంగళూరు మాట ఇంట్లో వినబడి, ఫోటోలో దూప్టా కనబడితే దాదాపు తేలిపోయినట్టే.

బిళ్ళ మీద ఏనుగు ఉంది.

ఏనుగు, డాలు, అడ్డంగా రెండు కత్తులు ఉంటే మద్రాస్ రెజిమెంటు. 1803 నాటి అస్సయే యుద్ధం గౌరవంగా వచ్చిన ఏనుగు అది. అయితే ఆ ఏనుగు అంతకు ముందే కొన్ని పాత మద్రాసు పటాలాల బిళ్ళల మీద కూడా ఉంది, కాబట్టి కాలం తేల్చకుండా పేరు రాసుకోకండి.

చేతి పైభాగాన గుడ్డ మీద పిల్లి బొమ్మ. రెజిమెంటు గుర్తేనా?

కాదు, డివిజన్ గుర్తు. డివిజన్లో వేలమంది, ఎన్నో రెజిమెంట్లు ఉంటాయి. యూనిట్ తెలియదు గానీ ఎక్కడ యుద్ధం చేశారో తెలుస్తుంది. నల్లపిల్లి 17వ డివిజన్, బర్మా. కోడిపుంజు 23, ఇంఫాల్, ఆ తర్వాత జావా. త్రికోణంలో పులి 26, అరకాన్. ఇస్పేటు 25, అదీ అరకానే. బాకు పట్టిన చెయ్యి 19, బర్మా. బాణం 7. ఎర్ర గద్ద 4, ఉత్తర ఆఫ్రికా, ఇటలీ. గుండ్రటి ఎర్ర బంతి 5, ఆఫ్రికాలోనూ బర్మాలోనూ పోరాడింది. రెండు ఫోటోల్లో రెండు గుర్తులుంటే కంగారు పడకండి, యూనిట్లు డివిజన్లు మారేవి.

చేతి మీద జెండాలు, తుపాకులు, చక్రం లాంటి బొమ్మలున్నాయి.

అవి పనితనపు బిళ్ళలు. అడ్డంగా రెండు జెండాలు సిగ్నల్ పని, రెండు తుపాకులు గురి బాగా ఉన్నవాడు, సుత్తి పట్టకారు కమ్మరం, ఫిట్టరు పని. ఏ యూనిట్లోనైనా ఇలాంటివాళ్ళు ఉంటారు కాబట్టి జెండాలు చూసి సిగ్నల్ కోర్ అని రాసేయకూడదు.

కాళ్ళ పట్టీలు చూసి ఏమైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు. పదాతివాళ్ళు చీలమండ నుంచి పైకి చుట్టి మోకాలి కింద ముడేసేవారు. గుర్రాలు, కంచరగాడిదలు నడిపేవాళ్ళు పైనుంచి కిందికి చుట్టి చీలమండ దగ్గర ముగించేవారు. నాడా ఎక్కడుందో చూడండి. చీలమండ దగ్గర ఉండి, ఛాతీ మీదుగా తోలు తూటాల పటకా కూడా ఉంటే గుర్రపు దళం, ఆర్టిలరీ, రవాణా, ఈ మూడింట్లో వెతకాలి.

పతకం ఉంది గానీ ఏమీ చదవలేకపోతున్నాం. ఎలా?

ముందుగా, చింతపండు పెట్టి తోమకండి. బ్రాసో కూడా వద్దు. పేరు ఉండేది అంచు మీద, లోతు తక్కువగా. నాలుగుసార్లు తోమితే అరిగిపోతుంది. చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి, భూతద్దంతో అంచు చుట్టూ తిప్పుతూ చదవండి. నంబరు, హోదా, పేరు, యూనిట్ వరుసగా ఉంటాయి. 1914-15 స్టార్‌కి (మొదటి యుద్ధం తొలి ఏళ్ళకి ఇచ్చిన నక్షత్రం ఆకారపు పతకం) మాత్రం వెనకవైపు ఉంటుంది.

వార్ మెడల్, విక్టరీ మెడల్ మాత్రమే ఉండి స్టార్ లేకపోతే ఆయన యుద్ధరంగానికి వెళ్ళింది 1916 లేదా ఆ తర్వాత అని అర్థం. మొదటి యుద్ధపు వార్ మెడల్ మామూలుగా వెండిది. కంచుది దొరికితే ఆయన లేబర్ కోర్ లాంటి దళంలో పనిచేశారు. ఇండియా జనరల్ సర్వీస్ మెడల్ మీద "మలబార్ 1921-22" అన్న పట్టీ ఉంటే మోప్లా తిరుగుబాటు నాటి సేవ. రెండో యుద్ధపు స్టార్లలో రంగం పేరు బొమ్మ చుట్టూనే రాసి ఉంటుంది. భారత సైనికులకి ఇచ్చినవాటిలో చాలావాటికి పేరు, నంబరు కొట్టి ఇచ్చారు.

## అసలు మిలట్రీయేనా?

పోలీసు, ఫారెస్టు, బంట్రోతు ఫోటోలతో తికమక పడకుండా ఎలా?

గీతలు పోలీసులకీ ఉంటాయి, ఎన్‌సీసీ కుర్రాళ్ళకీ ఉంటాయి. బెల్టు బకిలు మీద పెద్ద నంబరు, భుజం మీద జిల్లా పేరు ఉంటే పోలీసు. ఏటవాలు డవాలీ మీద పెద్ద ఇత్తడి బిళ్ళ ఉంటే కలెక్టరాఫీసు, కోర్టు, సంస్థానం బంట్రోతు. పర్లాకిమిడి, జయపురం సంస్థానాలకీ సొంత కాపలా మనుషులు, యూనిఫాంలు ఉండేవి. మీసాలు రాని కుర్రాడు బెరేతో ఉండి, వెనక కాలేజీ వరండా కనిపిస్తే ఎన్‌సీసీ. అది 1948లో మొదలైంది.

ఫోటో వెనక రంగూన్ స్టూడియో ముద్ర ఉంది. బర్మా యుద్ధానికి వెళ్ళినట్టేనా?

అంత తొందరగా అనుకోకూడదు. యుద్ధానికి ఎంతో ముందు నుంచే గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వేలమంది కూలి కోసం రంగూన్ వెళ్ళారు. రేవులో, మిల్లుల్లో, పోలీసుల్లో చేసినవాళ్ళూ యూనిఫాంలో ఫోటోలు దిగారు. 1942కి ముందుదైతే అలాంటిదే కావచ్చు. 1943-45 మధ్య అక్కడే ఉండిపోయినవాళ్ళలో ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవాళ్ళూ ఉన్నారు. అలాంటప్పుడు బ్రిటిష్ ఇండియా సైనిక రికార్డుల్లో పేరు దొరక్కపోవచ్చు. స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ ఫైలు వెతకాలి.

## కాగితాలు, ఆఫీసులు

ఏ కాగితం దొరికితే పని అయిపోయినట్టు?

డిశ్చార్జి పుస్తకం. అందులో సర్వీసు నంబరు, హోదా, యూనిట్, చేరిన తేదీ, వదిలిన తేదీ, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. అది లేకపోతే పెన్షన్ పత్రం, మాజీ సైనికుడిగా ఇచ్చిన భూమి పట్టా, ఎఫ్‌పీఓ (యుద్ధరంగపు పోస్టాఫీసు) ముద్ర ఉన్న ఉత్తరం కవరు, మనియార్డరు రసీదు. పట్టా కాగితాల్లో హోదా, యూనిట్ రాసి ఉంటాయి గానీ వాటిని పొలం కాగితాల కట్టలోంచి ఎవరూ బయటికి తీయరు. ముందు ఆ కట్ట విప్పండి.

నంబరు దొరికింది. ఎవరికి రాయాలి?

ఏ శాఖదైతే ఆ శాఖ రికార్డు ఆఫీసుకి. మద్రాస్ రెజిమెంటుది వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూపుది (అదే మద్రాస్ సాపర్లది) బెంగళూరులో, సిగ్నల్స్‌ది జబల్‌పూర్‌లో, ఆర్టిలరీది నాసిక్ రోడ్‌లో, ఈఎంఈది సికింద్రాబాద్‌లో, మెడికల్ కోర్‌ది లక్నోలో ఉన్నాయి. ఇంగ్లీషులోనో హిందీలోనో రాసి స్పీడ్ పోస్టులో పంపండి. నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, ఊరు, అప్పటి జిల్లా, చేరిన ఏడు సుమారుగా, మీకు ఆయన ఏమవుతారు అన్నవన్నీ ఒకే పేజీలో ఉండాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం నకళ్ళు జతచేయండి. సమాధానం రాకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు.

నంబరు ఒక్కటే ఉండి శాఖ తెలియకపోతే ఏ ఆఫీసూ వెతకలేదు, ఎందుకంటే అప్పట్లో ప్రతి రెజిమెంటుకీ సొంత నంబర్ల వరుస ఉండేది. పెన్షన్ లేకుండా యుద్ధం అయ్యాక ఇంటికి పంపేసినవాళ్ళ పత్రాలు గడువు తీరాక నాశనం చేసేవారు. "రికార్డు లేదు" అన్న జవాబు వస్తే ఆయన సైన్యంలో లేరని అర్థం కాదు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుల రిజిస్టరు చూడమని కూడా అడగండి. పాత దరఖాస్తుల్లో యూనిట్ పేరు దొరకొచ్చు.

యుద్ధంలో చనిపోయారు. పేరు ఎక్కడైనా ఉంటుందా?

కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు చనిపోయినవాళ్ళు అందులో ఉంటారు. బర్మాలో సమాధి తెలియనివాళ్ళ పేర్లు టౌక్యాన్‌లోని రంగూన్ స్మారకం మీద ఉన్నాయి, దాదాపు 27,000 మంది. కొన్ని నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటాయి, గంజాం అన్న మాట పెట్టి వెతకండి.

పేరు వెతికితే దొరకడం లేదు.

ఇంటిపేరు తీసేసి వెతకండి. మనవాళ్ళని చాలాసార్లు ఒంటి పేరుతోనే రాసుకున్నారు, తండ్రి పేరు పక్కన చేర్చారు. అప్పలస్వామిని అప్పలసామి, అప్పాలస్వామి, అప్పడుస్వామి అని గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన రికార్డులుంటాయి. పేరు మధ్యలో విరిచి రెండు ముక్కలుగా రాసిందీ ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు, జిల్లా, చనిపోయిన ఏడు పెట్టి జాబితా తీసి, ఒక్కొక్కటి నోటితో పైకి చదివి చూడండి. కంటికి వేరేగా ఉన్న పేరు చెవికి తెలిసిపోతుంది.

సుబేదారు, జమేదారు అయితే ఇంకో దారి ఉంది. పాత ఇండియన్ ఆర్మీ లిస్టుల్లో పటాలాల వారీగా వాళ్ళ పేర్లు అచ్చయ్యేవి. కొన్ని సంవత్సరాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో సైనిక శాఖ ఫైళ్ళు వెతకొచ్చు. 1936కి ముందు జిల్లా స్థాయి రిక్రూట్‌మెంటు, ఇనాం కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, ఆ తర్వాతి వాటికి భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర ఆర్కైవ్స్ చూడాలి.

కనుక్కున్నవి ఎలా రాసిపెట్టాలి?

ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయకండి, ముందువైపు గీతలు పడతాయి. వేరే కాగితం మీద రాసి, ఫోటోని యాసిడ్ లేని కవరులో పెట్టి దానితో కలిపి ఉంచండి. ప్రతి వివరం పక్కనా అది ఎలా తెలిసిందో రాయండి: "నాయక్, కుడిచేతి మీద రెండు గీతలు కనిపిస్తున్నాయి", "బర్మా, పెదనాన్న చెప్పారు", "మద్రాస్ సాపర్స్, పతకం అంచు". కళ్ళతో చూసింది, ఎవరో చెప్పింది, మీరు ఊహించింది మూడూ విడివిడిగా ఉండాలి. ఆ కాగితం ప్రతి ఒకటి ఇంకో అన్నదమ్ముల ఇంట్లో కూడా ఉంచండి.